సంవత్సరం రాయని లెక్క

మా మేనమామ హమ్దా తూసా వన్యప్రాణుల ఆఫీసు తరఫున పదిహేడేళ్ల పాటు గుర్రమెక్కి తోడేళ్లను లెక్కపెట్టాడు. మా దలచా లోయలో ఎవరు దేన్ని గురించి తగవుపడినా, చివరకు ఎవరో ఒకరు "హమ్దాని అడుగుదాం" అనేవారు. అక్కడితో తగవు ఆగేది. ఆయన చెప్పిన సంఖ్యను మళ్లీ చెప్పమని ఎవరూ అడిగేవారు కారు. ఆ నమ్మకం పదిహేడేళ్ల మీద కూడినది. దాన్ని నేను ఒకే ఒక్క పూటలో, ఒక ప్రభుత్వ కార్యాలయం ఆవరణలో, చట్టం అనుమతించిన పద్ధతిలోనే పోగొట్టాను.

మామ పొట్టి మనిషి. గుర్రం మీద ఉన్నంతసేపే మనిషిలా కనిపిస్తాడని, దిగితే బార్లీ బస్తాలా ఉంటాడని మా అత్త జెనెబా నలుగురిలో అనేది. గడ్డి మీద మంచు ఇంకా గడ్డకట్టి ఉండగానే ఆయన రెండు దుప్పట్లు కప్పుకుని, వేయించిన బార్లీ గింజలు గుప్పెడు జేబులో పోసుకుని బయల్దేరేవాడు. లోయ మధ్యనున్న రాళ్ల గుట్ట ఎక్కి కూర్చునేవాడు. ఆ వేళకు గుంపు నిద్రలేచేది. ఎర్రటి ఒళ్లు, తెల్లటి గొంతు, సన్నటి పొడవాటి కాళ్లు. ఈనబోయే గుర్రాల వెంటా ఆవుల వెంటా మావి కోసం తిరుగుతుందని మావాళ్లు దాన్ని గుర్రపు నక్క అంటారు. పేరుకే నక్క, పుట్టుకకు తోడేలే. ఒకదాని మూతి ఒకటి నాకి పలకరించుకున్నాక, అవన్నీ వరుసగా తమ నేల అంచు వెంబడి నడిచేవి. ప్రతి పొద దగ్గరా కాలెత్తి, నేల గీరి, ఇది మాది అని చెప్పుకుంటూ పోయేవి. ఆ గుర్తుల వెనకే మామ గుర్రం వెళ్లేది. పొద్దెక్కాక గుంపు విడిపోయి, దేనికది ఒంటరిగా ఎలుకల వేటకు పోయేది. అప్పుడు మామ గుర్రం దిగి, గడ్డిలో ఎలుకల కలుగులు లెక్కపెట్టేవాడు.

సైనిక పాలన నాడు పెద్దవాళ్లకు పెట్టిన బడిలో ఆయన అక్షరాలు నేర్చుకున్నాడు. వేలెడంత అక్షరాలతో పుస్తకంలో అన్నీ రాసుకునేవాడు. తోడేళ్లకు పేర్లు పెట్టేవాడు, అన్నీ చుట్టాల పేర్లే. అందరికంటే ముందు తినాలని గుర్రుమనే ఒక ముసలి ఆడతోడేలుకు మా అత్త తల్లి పేరు పెట్టాడు. ఒకసారి ఇంటినిండా జనం ఉండగా అత్త ఆయన్ని నిలదీసింది.

"మా అమ్మ పేరు నక్కకి పెట్టావు, సరే. ఆ నక్క కోడలి పేరూ నీకు తెలుసు. మన కోడలి పేరు చెప్పు చూద్దాం."

మామ వేళ్ల మీద చుట్టాల పేర్లు లెక్కపెట్టాడు. నిజంగానే గుర్తు రాలేదు. ఆ తర్వాత నెల రోజులు కోడలే ఆయన ముందు నుంచి పోతూ తన పేరు తానే చెప్పుకుని నవ్వేది.

నాకు పన్నెండేళ్లప్పుడు, నేతిలో వేయించిన కాఫీ గింజలు నములుతూ ఆయన పక్కన కూర్చుని, ఈ గుంపుకు ఎంత నేల కావాలి అని అడిగాను. బడిలో కొత్తగా చదరపు కిలోమీటర్లు నేర్పారు, ఆ మాట ఆయన నోట వినాలని నా కోరిక. ఆయన ఎదురు ప్రశ్న వేశాడు.

"ఎన్ని నోళ్లు? ఎన్ని ఎలుకలు? పక్క గుంపు బలంగా ఉందా, చచ్చిందా? ఈ మూడూ నువ్వు చెప్పు, ఎంత నేలో నేను చెప్తా."

తర్వాత విడమరిచాడు. లోయ అడుగున నల్లమట్టి తడిగా ఉంటుంది, అక్కడ పందికొక్కంత లావు బొరియ ఎలుకలు కిటకిటలాడతాయి. కనుక ఏడెనిమిది తోడేళ్లు కొద్దిపాటి నేలతోనే బతికేస్తాయి. పైన రాతి మైదానంలో ఎలుక కనిపించాలంటే సగం పూట నడవాలి. అక్కడ నాలుగే తోడేళ్లున్నా, అంతకు రెండింతల నేల తిరుగుతాయి. గుంపులో పిల్లలు బతికి నోళ్లు పెరిగితే అంచు బయటకు జరుగుతుంది. పక్క గుంపు గట్టిదైతే అది వెనక్కి నెడుతుంది. ఆవులు గడ్డిని వేరు దాకా కొరికేస్తే ఎలుకలు పోతాయి, ఎలుకల వెంట తోడేళ్లూ జరుగుతాయి. ఇదంతా చెప్పి, మన మంద మాత్రం గీత గీసుకుని మేస్తుందా, ఏ ఉప్పు ఊట దగ్గర ఎన్ని ఆవులు తాగాలో ఏడాదికేడాది పెద్దలు కూర్చుని తేల్చుకోవడం లేదా అని అడిగాడు. నేనప్పుడు తలూపాను. చట్టం చదివాక మరిచిపోయాను.

నేను పట్టా పుచ్చుకుని వచ్చిన ఏడాదే కుక్కల నుంచి పిచ్చివ్యాధి వచ్చి లోయలోని తోడేళ్లను ఊడ్చేసింది. పదకొండు ఉన్న గుంపులో మూడు మిగిలాయి. చచ్చినవాటిని మామ గోనెలో చుట్టి, గుర్రం మీద వేసుకుని, పరీక్ష చేసేవాళ్ల దగ్గరకు చేర్చాడు. మా అత్త తల్లి పేరుగలదాన్నీ అలాగే మోశాడు. మిగిలిన మూడూ గుహకు దగ్గరలోనే తిరిగేవి. మూడు నోళ్లకు ఎంత కావాలి? పైగా ఎదుటి గుంపులూ చచ్చిపోయాయి, కాపలా కాయాల్సిన అంచే లేదు. ఆ ఏడాది ఆ గుంపు తిరిగిన నేల నాలుగు చదరపు కిలోమీటర్లని మామ పుస్తకం చూసి పట్నంలో లెక్కగట్టారు. అంతకుముందు ఎన్నడూ అది ఏడుకు తగ్గలేదు.

అదే ఏడాది కొత్త నిబంధన ఒకటి వచ్చింది. బార్లీ విత్తాక మందలు పైలోయకు ఎక్కడం మాకు తరతరాల రివాజు. ప్రభుత్వం దృష్టిలో మాత్రం మేము ముప్పై ఏళ్లుగా ఆక్రమణదారులం. లోయవాళ్లు సంఘంగా ఏర్పడి దరఖాస్తు పెట్టుకుంటే ఇకపై ఆ మేత చట్టప్రకారం వాళ్లదే అవుతుందని, తోడేళ్లు కాపురముండే నేలను మాత్రం మేపకుండా విడిచిపెట్టాలని ఆ నిబంధన. నాకు ఇరవై నాలుగేళ్లు. ముప్పై ఏళ్ల అన్యాయాన్ని ముప్పై రోజుల్లో సరిదిద్దాలన్న తొందరలో ఉన్నాను. మామ పుస్తకాలన్నీ తిరగేసి, అన్నిటికంటే చిన్న సంఖ్యను ఏరుకున్నాను. తోడేలు నేల ఎంత తగ్గితే మా మేత అంత పెరుగుతుంది. అంతటితో ఆగక, మా ఉదారత చూపించడానికి ఒక షరతు నేనే చేర్చాను: విడిచిన నేలకు బయట ఎక్కడైనా తోడేళ్లు పిల్లలు పెడితే, ఆ వైపు మేతను ఏడాది పాటు ఆపుకుంటామని. అవి గీత దాటవన్న ధీమాతో రాశాను.

దరఖాస్తుకు మామ వాంగ్మూలం కావాలి. పెద్దల సభలో కాగితం చదివి వినిపించాను. ఆయన చేతిలో, సభలో సాక్ష్యం చెప్పేవాళ్లు పట్టుకునే పచ్చగడ్డి ఉంది. అంతా విని, ఈ సంఖ్య మూడు నోళ్ల ఏటిదని, ఆ మూడు రేపు పది అవుతాయని, పది అయిన నాడు అవి ఉప్పు ఊట దాకా వస్తాయని చెప్పాడు. నేను వాదించాను. చివరకు ఆయన అడిగింది ఒక్కటే.

"సరే, నాలుగనే రాసుకో. ఏ ఏటి లెక్కో అది కూడా రాయి."

ఏడాది రాస్తే, మిగతా ఏళ్ల సంగతేమిటని అధికారి అడుగుతాడు. అది నాకు తెలుసు. కాగితానికి కథ అక్కర్లేదు, సంఖ్య చాలు అన్నాను. పక్కనే తిబెసో ఉన్నాడు. లోయలో అందరికంటే పెద్ద మంద అతనిది, అందరికంటే పదునైన నోరూ అతనిదే.

"హమ్దాకి మనకంటే నక్కలే దగ్గర చుట్టాలు. పేర్లు చూడండి, అన్నీ ఇంటిపేర్లే" అన్నాడు.

సభ నవ్వింది. ఆ నవ్వు చల్లారకముందే నేను దాన్ని అందుకున్నాను.

"మావా, నువ్వు మా వైపా, నక్కల వైపా?"

ఇంకా గట్టిగా నవ్వారు. మామ నవ్వలేదు. చేతిలోని గడ్డిని ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. రాసింది మా చెల్లెలి కూతురు, చదువుకున్న పిల్ల, అని తనకు తాను చెప్పుకున్నట్టు అని, వేలెడంత అక్షరాలతో సంతకం పెట్టాడు. నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ సాయంత్రం నా మీద నాకు కలిగిన గర్వం గుర్తొస్తే ఇప్పటికీ తల ఎత్తుకోలేను.

అనుమతి వచ్చింది. ఎద్దును కోశారు, ఆడవాళ్లు దుర్సితు అని నా పేరు కట్టి పాడారు. మూడు తోడేళ్లు మరుసటి ఏటికి ఐదయ్యాయి, తర్వాత ఎనిమిది. మూడో ఏడు మామ ఒక రోజంతా స్వారీ చేసి పట్నంలో నా గదికి వచ్చాడు. ఆయన పట్నం రావడం అరుదు. కుర్చీ అంచున కూర్చుని, అంచు తూర్పుకు జరుగుతోందని, గీత జరిపించమని చెప్పాడు. ఇప్పుడు కదిలిస్తే దరఖాస్తు మొత్తం తిరగతోడతారని, వచ్చే ఏడు చూద్దామని అన్నాను. ఆయన టీ తాగి లేచాడు. వచ్చే ఏడు నేను చూడలేదు.

నాలుగో ఏట గుంపు మళ్లీ పదకొండైంది. వానలు వెనకబట్టి, కింద పొలాల్లో బార్లీ కంకులు పాలుపోసుకునే వేళకు, ఉప్పు ఊటకు తూర్పున రాళ్ల కింద ఆడతోడేలు పిల్లలు పెట్టింది. అది గీతకు చాలా బయట. మందతో పైకెక్కినప్పుడు మామ ఉండే గుడిసెకు మూడు వందల అడుగుల దూరం. మొదట చూసింది ఆయనే. ఆరు పిల్లలు. రాస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. నలభై ఒక్క ఇళ్ల మందలు ఆ వైపు నుంచి దిగిపోవాలి, వాటిలో తన పదకొండు ఆవులూ ఉన్నాయి. పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఆయన సగం పూట కూర్చున్నాడని అత్త తర్వాత నాకు చెప్పింది. రాయకపోతే ఏమవుతుందని ఆమె అడిగిందట.

"రాయకపోతే చూడనట్టవుతుంది. చూశాను కదా" అన్నాడట.

రాశాడు. మేత ఆపమని ఉత్తర్వు వచ్చింది. లోయలో ఆయన్ని పలకరించడం మానేశారు. మా దగ్గర ఇద్దరు ఎదురైతే ఆవుల క్షేమం, దూడల క్షేమం, వాన సంగతి, ఇంట్లో ఒక్కొక్కరి సంగతి అడిగాక గానీ అడుగు ముందుకు పడదు. అలాంటి చోట ఆయన వస్తుంటే మనుషులు గుర్రాన్ని పక్కదారి పట్టించేవారు. ఊట దగ్గర ఆయన ఆవులు అందరివీ తాగాకే తాగాలి.

సంఘం తరఫున ఉత్తర్వును సవాలు చేసింది నేను. ఉత్తర్వుకు ఉన్న ఆధారమల్లా ఒకే ఒక్క మనిషి మాట. షరతు నేనే రాశాను కనుక షరతు చెల్లదని వాదించలేను. మిగిలింది ఆ మాట చెల్లదని వాదించడమే. ఆ మాట మా మామది. నలభై ఒక్క ఇళ్ల ఆకలి ఒక వైపు, ఒక మనిషి మనసు నొప్పి ఒక వైపు అని నాకు నేను తూకం వేసి చెప్పుకున్నాను. అలాంటి తూకాలు మాకు కళాశాలలో బాగా నేర్పారు.

విచారణ ఆవరణలో రేకుల పందిరి కింద జరిగింది. లోయ అంతా వచ్చింది. మా అమ్మ షాషూ, అంటే హమ్దా మామ సొంత చెల్లెలు, ముందు వరసలో కూర్చుంది. మామ కొత్త తలపాగా చుట్టుకుని వచ్చాడు. ఆయన్ని జీవితంలో మొదటిసారి మీరు అన్నాను.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"ఇందులో ఆ గుంపు నేల నాలుగు చదరపు కిలోమీటర్లని ఉంది. మీ కొత్త నివేదికలో తొమ్మిదని ఉంది. ఏది నిజం?"

"రెండూ నిజమే."

జనం నవ్వారు. నేను నవ్వు ఆగేదాకా ఆగాను. ఎప్పుడు ఆగాలో నాకు తెలుసు.

"ఒకటి చెప్పండి."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఏడాది రాయమన్నాను, నువ్వే రాయలేదు, అని ఆయన ఒక్క మాట అంటే చాలు, కేసు అక్కడే ముగిసేది. ఆ మాట వస్తుందనే నేను అనుకున్నాను. వస్తే, కాగితంలో లేనిది నోటితో చెప్పడం చెల్లదని అభ్యంతరం చెప్పడానికి సిద్ధంగా కూడా ఉన్నాను. ఆ సిద్ధపాటును తలచుకున్నప్పుడే నాకు అన్నిటికంటే ఎక్కువ సిగ్గేస్తుంది.

"కాగితం నాదే. తప్పుంటే అదీ నాదే" అన్నాడు.

అక్కడితో కేసు నా చేతిలో ఉంది. ఆపవచ్చు. ఆపలేదు. మీ దగ్గర గడియారం ఉందా అని అడిగాను. లేదు, నీడ చూసి పొద్దు రాస్తానన్నాడు. అడుగులతో కొలుస్తారా, తాడుతోనా అని అడిగాను. గుర్రం నడకతో అన్నాడు. ఈ జంతువులకు మీ బంధువుల పేర్లు పెడతారట, నిజమేనా, మీ అత్తగారి పేరు దేనికి పెట్టారో సభకు చెప్పండి అన్నాను. అధికారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. లెక్క తెలియని మనిషి లెక్కను పట్టుకుని నలభై ఒక్క ఇళ్ల పొయ్యి ఆర్పలేమని ముగించాను. సాక్షి లెక్క నమ్మదగినది కాదని తీర్పు వచ్చింది. ఉత్తర్వు రద్దయింది.

ఆడవాళ్ల కేకలతో రేకులు అదిరాయి. మా అమ్మ నా తల రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. ఆ గోలలో మామ గుర్రం ఎక్కకుండా, పగ్గం పట్టుకుని నడిచిపోవడం చూశాను. పిలవలేదు.

రెండు వారాలకు ఆఫీసువాళ్లు వచ్చి దుర్భిణి, జీను, పదిహేడు పుస్తకాలు తీసుకెళ్లారు. పుస్తకాలను చెమ్మ తగలనిచోట పెట్టమని మాత్రం ఆయన చెప్పాడట. మందలు తూర్పుకు ఎక్కాయి, వాటి వెంట కుక్కలూ. తల్లితోడేలు పిల్లల్ని నోట కరుచుకుని రాతి మైదానం వైపు పోవడం అత్త చూసింది. రెండింటిని మోయడం చూసింది, మిగతా నాలుగింటి సంగతి ఆమెకు తెలియదు. వెళ్లి చూడమని మామకు చెప్పిందట. చూస్తే ఎవరికో ఒకరికి చెప్పాల్సొస్తుంది, వినేవాళ్లు లేరు, అన్నాడట.

సిగ్గు నాకు ఆ రోజే రాలేదు. వచ్చి ఉంటే ఇంత రాయనవసరం లేకపోయేది. నేను ఇంకో లోయ పనిలో పడ్డాను. గెలిచిన కేసు గురించి పట్నంలో రెండుసార్లు మాట్లాడాను. ఐదారు నెలల తర్వాత అమ్మను చూడటానికి వెళ్లినప్పుడు పెద్దల సభ జరుగుతోంది. తప్పిపోయిన పెయ్య మీద తగవు. ఒక విధవరాలి పెయ్య తిబెసో మందలో కలిసిందని ఆరోపణ. మామ దాన్ని ఏ రోజు, ఏ రాయి దగ్గర, ఎవరి ఆవుల మధ్య చూశాడో లేచి చెప్పాడు. వెనకటి రోజుల్లో అయితే అక్కడితో సరి. తిబెసో కూర్చున్నచోటి నుంచి లేవను కూడా లేవలేదు.

"ఈయన లెక్క ఆఫీసులోనే చెల్లలేదు. ఇక్కడ చెల్లుతుందా?"

సభలో పెద్ద హాజీ బోరూ. ఎనభై ఏళ్లవాడు, దేనికైనా జవాబున్నవాడు. ఆయన నోరు తెరిచి, నా వైపు చూసి, మూసుకున్నాడు. మామ కూర్చున్నాడు. పెయ్య తిబెసో దగ్గరే ఉండిపోయింది. ఆ విధవరాలు కొంగుతో ముఖం తుడుచుకుంటూ నా పక్కనుంచే వెళ్లింది. తిబెసో అన్నది నా వాక్యమే. నేను దాన్ని పందిరి కింద మరింత మర్యాదగా అన్నాను, అంతే తేడా.

పట్నం వెళ్లి అర్జీ రాశాను. నేను సమర్పించిన వాంగ్మూలంలో సంవత్సరం దాచింది నేనే కనుక తీర్పును తిరిగి పరిశీలించాలని కోరాను. వారం తిరక్కుండా అది వెనక్కి వచ్చింది. ఓడినవారికే అప్పీలు హక్కు ఉంటుందని, గెలిచిన పక్షం తన గెలుపు మీద ఫిర్యాదు చేసేందుకు వీలు లేదని రాశారు. నేను గ్రంథాలన్నీ వెతికాను. వాళ్లు రాసింది నిజమే. మా చట్టంలో అబద్ధానికి శిక్ష ఉంది, నేనేమో అబద్ధం ఆడలేదు. గెలిచినవాడు తల వంచుకుని నిలబడేందుకు అందులో ఒక్క సెక్షనూ లేదు.

ఇక మిగిలింది పెద్దల సభ. ఈ ఏటి బార్లీ విత్తాక, మందలు పైకి ఎక్కడానికి మూడు రోజుల ముందు, ఏ ఇంటి ఆవులు ఏ వైపు పోవాలో తేల్చుకోవడానికి అందరూ కూడారు. పచ్చగడ్డి పట్టుకుని లేచాను. అంతా చెప్పాను: చిన్న సంఖ్యను ఏరిన సంగతి, ఆయన ఏడాది రాయమంటే రాయని సంగతి, పట్నం వచ్చి హెచ్చరిస్తే టీ ఇచ్చి పంపిన సంగతి, రెండూ నిజమేనని ఆయన అన్నప్పుడు అది నిజమని సభలో అందరికంటే బాగా నాకే తెలుసన్న సంగతి.

"అయితే మనం గెలిచింది సగం కాగితంతోనా?" అన్నాడు తిబెసో.

అవునన్నాను.

హాజీ బోరూ మామ వైపు తిరిగి, మేనకోడలు తప్పు ఒప్పుకుంది, క్షమించావా అని అడిగాడు. అలా అడిగాక కాదనడం మా దగ్గర లేదు.

"నాకు చేసింది నేను ఆ రోజే వదిలేశా, హాజీ. లెక్కకి చేసింది నేనెట్లా వదిలేది? అది నాది కాదు కదా."

హాజీ తలూపాడు. సరే, లెక్కనే నిలబెడదాం, నీ మాట మీదే మందల్ని పంపుదాం, అన్నాడు. నా గుండె తేలికపడింది. ఇన్నాళ్లకు సరిదిద్దగలిగాననుకున్నాను. ఆ తేలిక ఒక్క ప్రశ్న దాకానే.

"ఇప్పుడెన్ని ఉన్నాయి హమ్దా? ఎందాకా తిరుగుతున్నాయి?"

"తెలీదు" అన్నాడు మామ. "ఏడాదిగా చూడలేదు."

"సుమారుగా చెప్పు."

"సుమారుగా అయితే నన్నెందుకు, తిబెసోని అడగండి."

కొందరు నవ్వారు, తిబెసో కూడా. మామ ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. పిల్లలు బతికాయో లేదో తెలియదని, గుంపు రాతి మైదానంలోనే ఉండిపోయిందో, పోయిన ఏడు ఆవులు కొరికిన గడ్డి మళ్లీ లేచి ఎలుకలు తిరిగొస్తే వాటి వెనక అదీ వచ్చిందో చూడందే చెప్పలేనని అన్నాడు. రెండు నెలలు తూర్పు వైపు మందల్ని ఆపితే తిరిగి చూసి చెప్తానన్నాడు. రెండు నెలల్లో గడ్డి ముదిరిపోతుందని ఒకడు, ఆయన చూసొచ్చి చెప్పిందే నిజమని ఎట్లా తెలుస్తుందని ఇంకొకడు అన్నారు. నేను మళ్లీ లేచాను. కూర్చోమన్నారు. ఎవరి ఇష్టం వారిదని సభ చెదిరింది.

నాలుగో నాటి ఉదయం మా అమ్మ దొడ్డి తలుపు తీసి ఏడు ఆవుల్నీ తూర్పు దారికి తోలుతోంది. వెళ్లి ముందు నిలబడ్డాను. మామ ఆగమన్నాడు కదా అన్నాను. అమ్మ కర్ర ఆనించుకుని నిలబడింది. కోపం లేదు ఆమె ముఖంలో.

"మా అన్నకి లెక్క రాదని ఆఫీసులో అంతమంది ముందు చెప్పింది నువ్వే కదే. ముందు వరసలో కూర్చుని విన్నా. చదువుకున్నదానివి, తెలిసే చెప్పి ఉంటావనుకున్నా. ఇప్పుడేమో లెక్క వస్తుందంటున్నావు. నేను ఏ దుర్సితుని నమ్మాలి?"

పక్కకు తప్పుకోమన్నట్టు ఆమె కర్ర కొద్దిగా ఆడించింది. తప్పుకున్నాను. ఆవులు నా రెండు వైపుల నుంచీ సాగిపోయాయి.

ఆ వారంలో నలభై ఒక్క ఇళ్లలో ముప్పై ఆరు తూర్పుకే ఎక్కాయి. మామ పదకొండు ఆవుల్నీ దొడ్లోనే కట్టి, జీను లేని గుర్రం మీద ఒక్క గోనె పరుచుకుని, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడానికి బయల్దేరాడు. దారిలో మా ఆవులు ఎదురైతే గుర్రాన్ని పక్కకు తీసి వాటికి దారిచ్చాడని అమ్మే వచ్చి చెప్పింది.